అర్ధరాత్రి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఆరోగ్య బీమా ఎంతవరకు ఆదుకుంటుంది? తల్లిదండ్రుల పాలసీపై చర్చ

తిరువూరు వాసి:
సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 63 ఏళ్లు, అమ్మకు 58 ఏళ్లు. ఇద్దరూ తిరువూరులోనే ఉంటారు, నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. నాన్నగారు చాలా కాలంగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు, అమ్మకు షుగరు ఉంది. మా కంపెనీ గ్రూపు పాలసీలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. బీమా మొత్తం 5 లక్షలు, అయితే తల్లిదండ్రుల క్లెయిముల్లో 20 శాతం మేమే భరించాలన్న షరతు ఉంది. ఈమధ్య మా వీధిలోని ఒక పెద్దాయనకు రాత్రిపూట గుండెపోటు వస్తే విజయవాడ తీసుకెళ్లి రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే స్టెంట్లు వేయించారు. పాలసీ ఉన్నా బిల్లులో చాలా భాగం చేతి డబ్బే పోసుకోవలసి వచ్చిందని వాళ్ల అబ్బాయి చెప్పినప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. అమ్మానాన్నలకు విడిగా ఒక పాలసీ తీసుకోవాలా? తీసుకుంటే ఏ షరతులు చూడాలి? ముందుగా డబ్బు కట్టి ఉంచినా, అసలు అవసరం వచ్చిన రాత్రి అది పనికి రాకపోవడానికి కారణాలేమిటి? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

క్లెయిముల పరిశీలకుడు:
తిరువూరు వాసి గారూ, నేను చాలా కాలం ఒక టీపీఏలో, అంటే బీమా సంస్థల తరఫున క్లెయిములు పరిశీలించే కార్యాలయంలో పనిచేశాను. మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ బీమా మొత్తం ఎంత, ప్రీమియం ఎంత అన్న రెండే చూసి పాలసీ కొంటారు గాని, క్లెయిము నిలవడమా పడిపోవడమా అన్నది ఆ రెండింటి మీద ఆధారపడదు. అది ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ కోసం ఇచ్చే దరఖాస్తులో మీరు ఏం రాశారు, పాలసీలో గది అద్దెకు పరిమితి ఉందా, ముందునుంచీ ఉన్న జబ్బుల వెయిటింగ్ పీరియడ్, అంటే వాటి చికిత్సకు బీమా వర్తించని తొలి గడువు గడిచిందా అన్న మూడు విషయాల దగ్గర తేలుతుంది.

వీటిలో మొదటిదే అన్నిటికంటే ముఖ్యం. మీ నాన్నగారి బీపీ సంగతి, ఆయన వేసుకునే మాత్ర పేరు, ఎప్పటినుంచి వేసుకుంటున్నారన్న వివరం ఫారంలో తప్పకుండా రాయండి. "బీపీ అందరికీ ఉండేదే, రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలేయండి" అని చెప్పే ఏజెంట్లు ఉంటారు. అలా చెప్పినవారి మాట దయచేసి వినవద్దు. రాస్తే కొంత అదనపు ప్రీమియం పడవచ్చు, బీపీకి సంబంధించిన చికిత్సకు కొంతకాలం ఆగమనవచ్చు. రాయకపోతే, గుండెపోటు వచ్చిన రోజున ఆ ఒక్క కారణంతో క్లెయిమును తిరస్కరించడమే కాదు, పాలసీనే రద్దు చేసే అవకాశం కూడా బీమా సంస్థకు దక్కుతుంది.

బీమా రంగాన్ని నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో తెచ్చిన మార్పుల వల్ల ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలలకు మించకూడదు, అంతకుముందు అది 48 నెలల దాకా ఉండేది. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, మోసం చేశారని రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమును తోసిపుచ్చడం కుదరదు, ఇది కూడా ఇంతకుముందు ఎనిమిదేళ్లు ఉండేది. ఈ గడువులన్నీ పాలసీ మొదలైన తేదీ నుంచి లెక్కకు వస్తాయి కాబట్టి, కొనడం ఆలస్యమైన ప్రతి ఏడాదీ అవి కూడా ఏడాది ఆలస్యంగా పూర్తవుతాయి.

సొంత పొదుపు:
నా అభిప్రాయం వేరు. 60 దాటిన దంపతులకు ఏటా కట్టే ప్రీమియం తక్కువేమీ కాదు, వయసుతోపాటు అది పెరుగుతూ పోతుంది. అదే డబ్బును తల్లిదండ్రుల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుంటే పదేళ్లకు ఒక మంచి మొత్తం చేతిలో ఉంటుంది. ఎవరి అనుమతీ అడగనక్కరలేదు, ఏ షరతూ ఉండదు, జబ్బు రాకపోతే డబ్బు మనదే. కంపెనీ పాలసీ ఎలాగూ ఉంది కదా, రెండోది ఎందుకు?

క్యాజువాలిటీ వైద్యుడు:
సొంత పొదుపు గారి వాదనలో ఒక నిజం ఉంది, దాన్ని తరువాత ఒప్పుకుంటాను. కానీ నేను పనిచేసేది అత్యవసర విభాగంలో. అక్కడికి వచ్చేవారిలో పదేళ్లు పొదుపు చేశాక జబ్బుపడినవారు అరుదు. మెదడులో రక్తస్రావంతో వచ్చిన మనిషికి శస్త్రచికిత్స, ఆ తరువాత ఐసీయూలో రెండు వారాలు, వెంటిలేటర్ అంటే ఒక మధ్యతరగతి కుటుంబం దాచుకున్నదంతా కరిగిపోతుంది. పొదుపు మొదలుపెట్టిన రెండో ఏడాదే అది వస్తే డిపాజిట్‌లో ఉండేది రెండేళ్ల డబ్బే.

నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది వేరే ఉంది, దీన్ని బయట ఎవరూ చెప్పరు. రోగిని తీసుకురాగానే మేము తోడువచ్చినవారిని "బీపీ ఉందా, షుగరు ఉందా, ఎన్నేళ్ల నుంచి?" అని అడుగుతాం. ఆ కంగారులో కొడుకు "పదేళ్ల నుంచి ఉందండీ" అంటాడు, పక్కనున్న బంధువు "లేదు, ఇరవై ఏళ్లయింది" అంటాడు. డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు ఏది వినబడితే అది కేస్ షీట్‌లో రాస్తాడు. బీమా సంస్థ క్లెయిము పరిశీలనలో మొదట చూసేది ఆ వాక్యాన్నే. ఫారంలో "నాలుగేళ్లుగా" అని, కేస్ షీట్‌లో "ఇరవై ఏళ్లుగా" అని ఉంటే, నిజాయితీగా వివరాలు ఇచ్చిన కుటుంబం కూడా సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. అబద్ధం చెప్పమని నేను అనడం లేదు, రోగచరిత్ర సరిగా తెలియకపోతే చికిత్స కూడా దెబ్బతింటుంది. సరైన వివరాన్ని ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోమంటున్నాను: జబ్బు పేరు, గుర్తించిన సంవత్సరం, వాడుతున్న మందులు, పడని మందులు. తల్లిదండ్రులు ఊళ్లో, పిల్లలు వేరే చోట ఉన్న ఇళ్లలో ఆ కాగితం పక్కింటివారికి కూడా తెలిసిన చోట ఉండాలి.

మరొక మాట. గుండెపోటు, పక్షవాతం లక్షణాలు కనబడితే నెట్‌వర్క్ ఆసుపత్రి, అంటే మీ బీమా సంస్థతో ఒప్పందం ఉన్న ఆసుపత్రి ఏదని వెతుకుతూ కూర్చోవద్దు. ఆ చికిత్స చేయగల దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. క్యాష్‌లెస్, అంటే బీమా సంస్థే నేరుగా ఆసుపత్రికి చెల్లించే పద్ధతి కుదరకపోతే, మీరు కట్టిన బిల్లుకు తరువాత రీయింబర్స్‌మెంట్ అడగవచ్చు. పోయిన గంటను మాత్రం ఏ పాలసీ తెచ్చి ఇవ్వలేదు.

తిరువూరు వాసి:
డాక్టరు గారూ, ధన్యవాదాలు. నాన్నగారికి బీపీ ఏ ఏడాది గుర్తించారో ఇవాళే అడిగి తెలుసుకుంటాను. పరిశీలకుడు గారూ, గది అద్దె పరిమితి అన్నారు. మా పాలసీ కాగితంలో "బీమా మొత్తంలో 1 శాతం" అని ఉంది. అంటే రోజుకు 5,000 అన్నమాట. అంతకు మించి అయితే ఆ తేడా మేము కట్టుకుంటే సరిపోదా?

మలక్‌పేట గృహిణి:
సరిపోదు. మా అత్తగారి పిత్తాశయం ఆపరేషనుకు ఇదే జరిగింది. ఆసుపత్రివారు షేరింగ్ గదులు ఖాళీ లేవన్నారు, మేము ప్రైవేటు గదికి ఒప్పుకున్నాం, తేడా మేమే కట్టుకుంటామని సంతకం కూడా చేశాం. డిశ్చార్జి రోజున చూస్తే గది అద్దె ఒక్కటే కాదు, సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు, నర్సింగ్ చార్జీలు అన్నిట్లోనూ కోత పడింది. సంతకం పెట్టే ముందు ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే రెండు రోజులు షేరింగ్ గది కోసం ఆగేవాళ్లమే. ఆ ఆపరేషను అత్యవసరమైనది కూడా కాదు.

క్లెయిముల పరిశీలకుడు:
గృహిణి గారు చెప్పిన కోతను దామాషా తగ్గింపు అంటారు. ఒక ఊహా లెక్కతో చెబుతాను. పాలసీ పరిమితి రోజుకు 5,000, మీరు తీసుకున్న గది 8,000, ఆసుపత్రిలో ఉన్నది 5 రోజులు. గది అద్దె 40,000, డాక్టర్ల ఫీజులు, థియేటర్, నర్సింగ్ వగైరా 1,20,000, మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాలు 90,000, అంతా కలిపి 2,50,000 అయిందనుకుందాం. మీకు అర్హత ఉన్నది ఎనిమిదింట ఐదు వంతులకే కాబట్టి గది అద్దెలో 25,000, డాక్టర్ల ఫీజుల వర్గంలో 75,000 మాత్రమే వస్తాయి. మందులు, పరీక్షల 90,000లో ఈ కోత ఉండదు. మొత్తం 1,90,000 బీమా సంస్థ ఇస్తే 60,000 మీరు కట్టాలి. గది అద్దె తేడా నిజానికి 15,000 మాత్రమే, మిగతా 45,000 దాని వెంట వచ్చిన భారం. మీ గ్రూపు పాలసీలో దీనిపైన ఇంకా 20 శాతం కోపే, అంటే మీరే భరించాలన్న ఆ వాటా ఉంటుంది.

ఇక్కడ పాలసీదారుకు రక్షణ కూడా ఉంది, చాలామందికి అది తెలియదు. ఐఆర్‌డీఏఐ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మందులు, వైద్య సామగ్రి, ఇంప్లాంట్లు, రోగ నిర్ధారణ పరీక్షల మీద, ఐసీయూ చార్జీల మీద దామాషా తగ్గింపు వేయకూడదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రుల బిల్లులకు అసలు ఈ తగ్గింపే వర్తించకూడదు. ఎక్కడైనా మొత్తం బిల్లు మీద కోత వేస్తే లిఖితపూర్వకంగా ప్రశ్నించండి. ఇక కొత్తగా తీసుకునే పాలసీ విషయంలో నా సలహా ఒక్కటే: గది అద్దెకు పరిమితి లేనిదైనా, లేదా "సింగిల్ ప్రైవేటు గది" అని గది రకాన్ని మాత్రమే పేర్కొన్నదైనా ఎంచుకోండి, దానికోసం బీమా మొత్తాన్ని కొంచెం తగ్గించుకోవలసి వచ్చినా ఫరవాలేదు.

సొంత పొదుపు:
ఈ లెక్క చూశాక నా అనుమానం ఇంకా బలపడింది. ఇన్ని కోతలున్న దానికి ముందుగానే డబ్బు కట్టడమెందుకు?

క్యాజువాలిటీ వైద్యుడు:
కోతలు పోను వచ్చిన 1,90,000 కూడా మీ లెక్కలో చూడాలి కదండీ. మీ మాటలో నిజముందని ఇందాక అన్నది దీని గురించే: బీమా ఉన్న కుటుంబానికి కూడా చేతిలో కొంత నగదు తప్పనిసరి. రాత్రి చేర్చుకునేటప్పుడు చాలా ఆసుపత్రులు అడ్వాన్సు అడుగుతాయి. చేతి తొడుగులు, మాస్కులు, రిజిస్ట్రేషన్ ఫీజు వంటివి చాలా పాలసీల్లో రావు. అంబులెన్సుకు పాలసీ ఇచ్చేదానికి, అసలు ఖర్చుకు మధ్య తేడా ఉంటుంది. కాబట్టి మీ డిపాజిట్ ఉండాలి, బీమా కూడా ఉండాలి. ఒకటి లక్ష రూపాయల కష్టానికి, రెండోది పది లక్షల కష్టానికి.

నల్లగొండ మాస్టారు:
చర్చ అంతా ప్రైవేటు పాలసీల చుట్టూనే తిరుగుతున్నది కనుక ప్రభుత్వ పథకాల గురించి కొంత చెప్పాలనిపించింది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి మా పల్లెల్లో గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు చేయించుకున్న పేద కుటుంబాలను నేను స్వయంగా ఎరుగుదును. తెలంగాణలో ఆ పథకం కింద చికిత్స ఖర్చు పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. అర్హత ఉన్నవారు ప్రైవేటు పాలసీ గురించి ఆలోచించే ముందు తమ కార్డు సరిగా ఉందో లేదో, పేర్లన్నీ అందులో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

అర్హత లేదనుకునేవారికి కూడా రెండు సంగతులు. 70 ఏళ్లు నిండిన ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స అందించే కార్డును 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు, ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా తీసుకోవచ్చు. రెండవది, రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, 1,50,000 రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స చేసే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో నోటిఫై చేసింది. దానికి గాయపడిన వ్యక్తికి బీమా ఉండనక్కరలేదు. ఈ రెండూ మన ఊళ్లలో ఇంకా చాలామందికి తెలియవు. గ్రంథాలయంలోనో, పంచాయతీ కార్యాలయంలోనో రాసి అంటించవలసిన విషయాలివి.

తిరువూరు వాసి:
మాస్టారు గారూ, మా పెద్దనాన్నకు 72 ఏళ్లు, ఆయనకు ఈ కార్డు సంగతి తెలియదు. వెంటనే చెబుతాను. ఇంకొక సందేహం. కంపెనీ పాలసీ 5 లక్షలు ఉన్నందున, దాని పైన టాప్-అప్, అంటే ఆ మొత్తం దాటిన ఖర్చుకు మాత్రమే వర్తించే పాలసీ తీసుకుంటే ప్రీమియం తక్కువ పడుతుందని మా సహోద్యోగి అన్నాడు. అది మేలా, విడి పాలసీ మేలా?

క్లెయిముల పరిశీలకుడు:
టాప్-అప్, సూపర్ టాప్-అప్ రెండూ వేరు. మీరు 5 లక్షల డిడక్టిబుల్‌తో తీసుకున్నారనుకోండి, అంటే మొదటి 5 లక్షలతో ఆ పాలసీకి సంబంధం లేదు. ఒకే ఏడాదిలో మీ నాన్నగారు రెండుసార్లు ఆసుపత్రిలో చేరి, ప్రతిసారీ 4 లక్షలు ఖర్చయితే, టాప్-అప్ ఒక్కొక్క చేరికను విడిగా చూస్తుంది కాబట్టి ఏమీ ఇవ్వదు. సూపర్ టాప్-అప్ ఏడాది మొత్తం ఖర్చును కలిపి 8 లక్షలుగా చూస్తుంది కాబట్టి 3 లక్షలు ఇస్తుంది. తీసుకుంటే సూపర్ టాప్-అప్పే తీసుకోండి.

అయితే దాని కింద ఉన్న 5 లక్షలు కంపెనీవి. ఉద్యోగం మారిన రోజున, లేదా కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి తల్లిదండ్రులను పాలసీ నుంచి తీసేసిన రోజున ఆ మొదటి 5 లక్షలు మీ మీదే పడతాయి. అప్పటికి నాన్నగారికి 67 ఏళ్లో, 68 ఏళ్లో ఉంటాయి, కొత్త జబ్బులు తోడై ఉండవచ్చు. కొత్త పాలసీ కొనడానికి 65 ఏళ్ల పరిమితిని 2024లో తొలగించిన మాట నిజమే, కానీ వయసు అడ్డంకి కాదన్నంత మాత్రాన ప్రతి దరఖాస్తునూ ఆమోదించాలని లేదు, ప్రీమియం అందుబాటులో ఉండాలనీ లేదు. అందుకే చిన్నదైనా సరే, మీ చేతిలో ఉండే ఒక విడి పాలసీ ఇప్పుడే మొదలుపెట్టి, దానిపైన సూపర్ టాప్-అప్ పెట్టుకోమంటాను. కంపెనీ పాలసీని ఉన్నన్నాళ్లు ముందు వాడుకోండి. చాలా గ్రూపు పాలసీల్లో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది, ఈలోగా విడి పాలసీలోని వెయిటింగ్ పీరియడ్ గడుస్తుంది. ఉద్యోగం వదిలేటప్పుడు గ్రూపు పాలసీ నుంచి అదే సంస్థ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలుందేమో కూడా హెచ్ఆర్ వారిని ముందే అడిగి పెట్టుకోండి.

ప్రీమియం విషయంలో ఒక ఊరట ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ లేదు. పాత కొటేషన్ చూపించి పన్ను కలిపి అడిగితే ఒప్పుకోవద్దు.

మలక్‌పేట గృహిణి:
డిశ్చార్జి రోజు గురించి కూడా చెప్పండి. డాక్టరు ఉదయం వెళ్లిపొమ్మంటే బీమా అనుమతి వచ్చేసరికి రాత్రయింది, ఆ రోజు గది అద్దె కూడా మా చేతే కట్టించారు.

క్లెయిముల పరిశీలకుడు:
2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ బీమా సంస్థలకు ఇచ్చిన ఆదేశాల (మాస్టర్ సర్క్యులర్) ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన అందిన గంటలోపు బీమా సంస్థ నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలి. ఆ మూడు గంటలు దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేసేది ఏదైనా ఉంటే బీమా సంస్థే భరించాలి. మూడు గంటలు లెక్కకు వచ్చేది ఆసుపత్రి నుంచి బిల్లు అందిన క్షణం నుంచి. అసలు ఆలస్యం తరచుగా అంతకుముందే, ఆసుపత్రిలో బిల్లు, డిశ్చార్జి సమ్మరీ తయారయ్యే చోట జరుగుతుంది. అందుకే ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర "బిల్లు ఎన్ని గంటలకు పంపారు?" అని అడిగి, ఆ సమయం రాసి పెట్టుకోండి.

తిరస్కరణ విషయం కూడా చెప్పాలి. సంస్థలోని క్లెయిముల సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమును తిరస్కరించకూడదు, పాలసీలోని ఏ షరతు కింద తిరస్కరిస్తున్నారో రాసి ఇవ్వాలి. ముందుగా సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా ఫిర్యాదుల పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా పాలసీదారుల ఫిర్యాదులను తీర్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది, 50 లక్షల లోపు వివాదాలు చూస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కరలేదు.

క్యాజువాలిటీ వైద్యుడు:
దీనికి ఒకటి చేర్చాలి. అత్యవసరంగా చేర్చినప్పుడు చాలా పాలసీలు 24 గంటల్లోపు తమకు తెలియజేయాలంటాయి. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ ఇచ్చేందుకు 2024 జనవరిలో బీమా సంస్థలు తెచ్చిన ఏర్పాటులో 48 గంటల గడువు ఉంది, దానికి ఆ సంస్థ అంగీకారం కూడా కావాలి. రోగి పక్కన ఉన్నవారు ఐసీయూ తలుపు వదిలి రాలేరు కాబట్టి, ఫోన్ చేసే బాధ్యతను దూరంగా ఉన్న ఒకరికి ముందే అప్పగించండి. మీ ఇంట్లో అయితే ఆ పని మీదే, తిరువూరు వాసి గారూ.

తిరువూరు వాసి:
అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. నాన్నగారితో మాట్లాడాను, ఆయన బీపీ మాత్ర 2017లో మొదలుపెట్టారని పాత చీటీల్లో దొరికింది. అమ్మ షుగరు వివరం, ఆఖరి పరీక్ష ఫలితాలు కూడా తీసి పెట్టాను. గది అద్దె పరిమితి లేని 5 లక్షల పాలసీ ఇద్దరికీ కలిపి, దానిపైన సూపర్ టాప్-అప్ అడుగుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది. పాలసీ చేతికి వచ్చాక అందులో ఏదైనా షరతు మాకు చెప్పినదానికి భిన్నంగా ఉంటే ఏం చేయాలి? ఒకవేళ ఏడాది తరువాత సంస్థ నచ్చకపోతే గడిచిన వెయిటింగ్ పీరియడ్ వృథా అవుతుందా?

క్లెయిముల పరిశీలకుడు:
పాలసీ కాగితం అందిన రోజు నుంచి 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది. ఆలోపు వద్దని రాసి తిప్పి పంపితే వైద్య పరీక్షల ఖర్చు, గడిచిన రోజుల ప్రీమియం వంటివి మినహాయించి మిగతా డబ్బు వెనక్కి ఇస్తారు. ఆ కాగితంతోపాటు మీరు నింపిన ప్రపోజల్ ఫారం నకలు కూడా వస్తుంది. మొదట తెరవవలసింది దాన్నే. బీపీ, షుగరు గడుల్లో మీరు చెప్పినట్టే "ఉంది" అని ఉందో, ఏజెంటు "లేదు" అని నొక్కాడో చూడండి, తప్పుంటే ఆ రోజే మెయిల్ చేసి సరిచేయించండి.

సంస్థ మారినా గడిచిన వెయిటింగ్ పీరియడ్ పోదు, పాత బీమా మొత్తం మేరకు కొత్త సంస్థలోనూ లెక్కలోకి వస్తుంది. అయితే పోర్టబిలిటీ (అలా సంస్థ మారే) దరఖాస్తును రెన్యూవల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు ఇవ్వాలి, 60 రోజులకంటే ముందుగా తీసుకోరు. కొత్త సంస్థ ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా చేతికి వచ్చేవరకు పాత పాలసీని మాత్రం రెన్యూవల్ కాకుండా వదిలేయకండి.